అమ్మకమా, సేవా? – విద్యుత్ వర్తకం, వాహన ఛార్జింగ్‌లను వివరించే తెలుగు భాష: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

విద్యుత్ వర్తకం, విద్యుత్ వాహనాల ఛార్జింగ్ వసతులు నిన్నమొన్నటి వరకు ఇంజనీర్లకు, న్యాయవాదులకు పరిమితమైన విషయాలు. ఇప్పుడవి ఆటో నడుపుకునేవారి రోజువారీ ఖర్చులో భాగమయ్యాయి. ఈ విషయాలను తెలుగులో వివరించేటప్పుడు కొన్ని కీలకమైన భేదాలు మాటల మధ్య చెదిరిపోతున్నాయి. అమ్మకానికి, సేవకు మధ్య ఉన్న భేదం. కిలోవాట్‌కు, యూనిట్‌కు మధ్య ఉన్న భేదం. ఇంధన వ్యయానికి, మార్కెట్ కొనుగోలు వ్యయానికి మధ్య ఉన్న భేదం అటువంటివి. ఎవరు ఎంత చెల్లించాలి, ఎవరిని ప్రశ్నించాలి అనేవి ఈ భేదాలను బట్టే తేలుతాయి. ఈ మూడింటిని పరిశీలించి, పారిభాషిక పదాన్ని అంచనా వేయడానికి ఒక కొలమానాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: విద్యుత్ వర్తకం, ఛార్జింగ్ కేంద్రం, పారిభాషిక పదాలు, టారిఫ్, వ్యవహార భాష, వృత్తి పదకోశం.

1. ఉపోద్ఘాతం:

బ్యాటరీ ఆటో నడిపే ఒక వ్యక్తిని ఊహించుకుందాం. ఆయన రాత్రి ఇంటి మీటరు నుంచి ఛార్జింగ్ పెట్టుకుంటే ఒక రేటు పడుతుంది. మధ్యాహ్నం ఊరిలోని ఛార్జింగ్ కేంద్రంలో పెట్టుకుంటే మరొక రేటు పడుతుంది. రెండుచోట్లా వచ్చేది ఒకే కరెంటు. ఇంటి బిల్లులో తప్పు దొర్లితే ఎక్కడికి వెళ్లాలో ఆయనకు తెలుసు, కరెంటు ఆఫీసుకు వెళ్తాడు. ఛార్జింగ్ కేంద్రం ఎక్కువ వసూలు చేసిందని అనుమానం వస్తే ఎక్కడికి వెళ్లాలి? ఈ ప్రశ్నకు సమాధానం ‘ఛార్జింగ్’ అనే పనిని చట్టం ఏ మాటతో పిలుస్తోందన్న దానిలో ఉంది. కనుక ఇది భాషాధ్యయనం పట్టించుకోవలసిన విషయం కూడా.

ఈ వ్యాసం సాంకేతిక పరిశోధన కాదు, ఫలానా రచయితల తప్పులను ఎత్తిచూపే ప్రయత్నమూ కాదు. చట్టంలోని నిర్వచనాలు, మార్కెట్ పనితీరు, వాటిని వివరించడానికి పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో, వ్యవహారంలో వాడుకలో ఉన్న తెలుగు మాటలు – ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి చూడడం ఇక్కడ అనుసరించిన పద్ధతి. ఆంగ్లపదాలు ఎన్ని చేరాయన్నది ఇక్కడ చర్చనీయాంశం కాదు. ‘కరెంటు’, ‘మీటరు’, ‘బిల్లు’ ఏనాడో తెలుగు మాటలైపోయాయి. మాట ఏ భాష నుంచి వచ్చినా, అది చెప్పవలసిన భేదాన్ని చెబుతోందా, కప్పేస్తోందా అన్నదే ప్రధానం.

2. వర్తకం – నిర్వచనం, పరిధి:

2003 విద్యుత్ చట్టంలోని రెండవ సెక్షన్ విద్యుత్ వర్తకాన్ని తిరిగి అమ్మడం కోసం విద్యుత్తును కొనడంగా నిర్వచించింది. ఈ నిర్వచనంలో ప్రాణం ‘తిరిగి అమ్మడం’ అన్నదే. తన అవసరానికి కొనేవాడు వర్తకుడు కాడు. ఉత్పత్తి చేసి అమ్మేవాడూ ఈ నిర్వచనంలోకి రాడు. ఇదే చట్టంలోని పన్నెండవ సెక్షన్ ప్రకారం ప్రసారానికి, పంపిణీకి, వర్తకానికి లైసెన్సు ఉండాలి, లేదా మినహాయింపు పొంది ఉండాలి.

దీనికి తెలుగులో ‘విద్యుత్ వ్యాపారం’, ‘విద్యుత్ క్రయవిక్రయాలు’, ‘విద్యుత్ ట్రేడింగ్’ అనే మాటలు కనిపిస్తాయి. వ్యాపారం అన్నది విస్తృతార్థం గల మాట. ఉత్పత్తి సంస్థ చేసేదీ వ్యాపారమే, డిస్కం చేసేదీ వ్యాపారమే, మీటర్లు తయారుచేసే కంపెనీ చేసేదీ వ్యాపారమే. ‘క్రయవిక్రయాలు’ కొనడాన్నీ అమ్మడాన్నీ చెబుతుంది గాని, అమ్మడం కోసమే కొనడమన్న ఉద్దేశాన్ని చెప్పదు. తెలుగులో వర్తకుడు అనగానే ఒకచోట కొని మరొకచోట అమ్మేవాడు స్ఫురిస్తాడు. అందువల్ల చట్టం ఉద్దేశించిన అర్థానికి ‘వర్తకం’ దగ్గరగా ఉంది. ఈ వ్యాసంలో ఆ మాటనే వాడుతున్నాను.

వర్తకం జరిగే వేదికలను చూద్దాం. ఇండియన్ ఎనర్జీ ఎక్స్చేంజ్, పవర్ ఎక్స్చేంజ్ ఇండియా లిమిటెడ్ 2008లో పని ప్రారంభించాయి. మూడవదైన హిందుస్థాన్ పవర్ ఎక్స్చేంజ్ 2022లో మొదలైంది. వీటిలో ‘డే ఎహెడ్ మార్కెట్’ ప్రధానమైనది. రేపటి రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలు చేస్తారు. ఒక్కొక్క భాగానికి కొనేవారు, అమ్మేవారు తమ ధరను, పరిమాణాన్ని ముందురోజే తెలియజేస్తారు. ఒకరు వేసిన ధర మరొకరికి తెలియదు. గిరాకీ, సరఫరా రేఖలు కలిసిన చోట ఆ భాగానికి ధర తేలుతుంది. 2020 జూన్ 1 నుంచి ‘రియల్ టైమ్ మార్కెట్’ కూడా నడుస్తోంది. అందులో ప్రతి అరగంటకు ఒకసారి వేలం జరుగుతుంది.

తెలుగు పాఠకునికి ఇది తెలియని ప్రపంచమేమీ కాదు. మార్కెట్ యార్డు, వేలం, లాటు, కమీషన్ అనే మాటలు రైతు నిత్యం వాడేవే. ఆ మాటలతో మొదలుపెట్టి, తేడా ఎక్కడుందో చెబితే విషయం సులభంగా బోధపడుతుంది. యార్డులో ఒక్కో లాటుకు ఒక్కో ధర పలుకుతుంది. విద్యుత్ ఎక్స్చేంజీలో మాత్రం ఆ పదిహేను నిమిషాలకు, గ్రిడ్‌లో అడ్డంకులు లేనప్పుడు, అందరికీ ఒకే ధర. రెండు రూపాయలకే అమ్మడానికి సిద్ధపడిన ఉత్పత్తిదారుకు కూడా, చివరగా ఎంపికైన ఖరీదైన యూనిట్ ధరే ముడుతుంది. సాయంత్రం సూర్యుడు వాలిన తరువాత ధరలు ఎందుకు ఎగబాకుతాయో ఈ ఒక్క నియమం చాలావరకు వివరిస్తుంది. ఈ ఎగబాకుడును అదుపుచేయడానికే కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2022 ఏప్రిల్‌లో యూనిట్‌కు 12 రూపాయల గరిష్ఠ ధరను విధించింది. తరువాతి ఏడాది దానిని 10 రూపాయలకు తగ్గించింది. ‘డే ఎహెడ్’ను ‘రోజు ముందు మార్కెట్’ అని ముక్కకు ముక్క మార్చడం కంటే ‘ముందురోజు వేలం’ అనడం మేలు. వేలం అన్న మాటలోనే పని స్వభావం తెలుస్తుంది.

3. వస్తువా, సేవా?:

విద్యుత్తును కంటితో చూడలేం, గోదాములో పెట్టలేం. అయినా అది అమ్మకపు పన్ను చట్టాల దృష్టిలో ‘వస్తువే’ అని సుప్రీంకోర్టు 1960ల చివర్లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో చెప్పింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికి, నేషనల్ థర్మల్ పవర్ కార్పొరేషన్‌కు మధ్య నడిచిన కేసులో 2002లో ఇచ్చిన తీర్పు ఈ చర్చను మరికొంత ముందుకు తీసుకువెళ్లింది. విద్యుత్ ఉత్పత్తి, సరఫరా, వినియోగం దాదాపు ఏకకాలంలో జరుగుతాయన్నది ఆ తీర్పులోని తర్కానికి ఒక ఆధారం. నిల్వ ఉండని వస్తువు అన్న భావన అందులో అంతర్లీనంగా ఉంది.

ఇప్పుడు ఛార్జింగ్ కేంద్రాన్ని చూద్దాం. అది డిస్కం దగ్గర విద్యుత్తును కొంటుంది, వాహనదారు దగ్గర డబ్బు తీసుకుంటుంది. పైకి చూస్తే తిరిగి అమ్మడం కోసం కొనడమే జరుగుతోంది. అదే నిజమైతే ప్రతి ఛార్జింగ్ కేంద్రానికీ లైసెన్సు కావాలి. ఈ చిక్కును విడదీస్తూ కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్ 13న ఒక వివరణ ఇచ్చింది. దాని సారాంశం ఇది: ఛార్జింగ్‌లో విద్యుత్తు రసాయనిక శక్తిగా మారి బ్యాటరీలో నిలుస్తుంది. అంటే విద్యుత్తును వినియోగించుకుంటున్నది ఛార్జింగ్ కేంద్రమే. వాహనదారుకు అది అందిస్తున్నది ఒక సేవ. కనుక ఇందులో ప్రసారం గాని, పంపిణీ గాని, వర్తకం గాని లేవు, లైసెన్సు అవసరం లేదు.

ఆచరణలో ఈ వివరణ ఎంతో మేలు చేసింది. లైసెన్సు భయం లేకుండా కిరాణా దుకాణం ముందు కూడా ఛార్జర్ పెట్టుకునే వీలు కలిగింది. కాని విమర్శకుని దృష్టితో చూస్తే ఇందులో మూడు అంశాలు చర్చించదగినవి.

మొదటిది, ‘వినియోగం’ అనే మాట. సాధారణ వ్యవహారంలో వినియోగమంటే వాడేయడం. బల్బు వెలిగితే విద్యుత్తు వినియోగమైంది. బ్యాటరీలో చేరిన శక్తి ఇంకా వాడుకకు రాలేదు, వాడుకోవడానికి సిద్ధంగా ఉంది. వాహనం నుంచి గ్రిడ్‌కు విద్యుత్తును తిరిగి పంపే సాంకేతికత విస్తరిస్తే ఈ మాటకు పరీక్ష ఎదురవుతుంది. ఒకసారి వినియోగమైపోయిందని చెప్పిన దానినే వాహనదారు తిరిగి అమ్ముతాడు. నిల్వ ఉండదన్న భావన మీద నిలిచిన వాదాలన్నిటినీ బ్యాటరీ మళ్లీ ప్రశ్నకు గురిచేస్తోంది.

రెండవది, వాహనదారు హోదా. చట్టం ప్రకారం తన అవసరానికి విద్యుత్ సరఫరా పొందేవాడు వినియోగదారుడు. ఛార్జింగ్ కేంద్రం సరఫరా చేయడం లేదు, సేవ చేస్తోంది అన్నప్పుడు, ఆ చోట వినియోగదారుడు కేంద్రమే అవుతుంది గాని వాహనదారు కాడు. డిస్కంల పరిధిలో నలభై రెండవ సెక్షన్ కింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల వేదిక తలుపు తట్టడానికి ఆయనకు ఆధారం సన్నగిల్లుతుంది. ఈ తర్కాన్ని అనుసరిస్తే, ఆయన సేవాలోపం కింద 2019 వినియోగదారుల రక్షణ చట్టాన్ని ఆశ్రయించాలి. ఉపోద్ఘాతంలో వేసిన ప్రశ్నకు సమాధానం ఇదే. ఒక్క మాట మారడంతో ఫిర్యాదు చేయవలసిన చోటు మారిపోయింది.

మూడవది, పన్ను. విద్యుత్ సరఫరాకు వస్తుసేవల పన్ను మినహాయింపు ఉంది. ఛార్జింగ్‌ను సేవగా పరిగణించి 18 శాతం పన్ను వర్తిస్తుందని కర్ణాటకలోని అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ 2023లో అభిప్రాయపడింది. ఇంటి మీటరు నుంచి వస్తే పన్ను లేని కరెంటు, కేంద్రంలో వైరు చివరకు వచ్చేసరికి పన్ను పడే సేవ అవుతోంది.

ఇక్కడ అలంకారశాస్త్ర పరిభాషను ఆశ్రయించడం అసంగతం కాదనుకుంటాను. ఛార్జింగ్ కేంద్రాన్ని జనం పెట్రోలు బంకుతో పోల్చి అర్థం చేసుకుంటారు. ఇది సాదృశ్యం మీద ఆధారపడిన లక్షణ. బంకులో లీటర్లు కొంటాం, కేంద్రంలో యూనిట్లు కొంటాం అన్నది లక్ష్యార్థం. చట్టం దృష్టిలో వాచ్యార్థం వేరు. తెలుగు రచనల్లో ‘ఛార్జింగ్ కేంద్రాల్లో విద్యుత్ అమ్మకాలు’ అనే తరహా మాటలు వాడినప్పుడు లక్ష్యార్థం వాచ్యార్థాన్ని తోసేస్తుంది. జనవ్యవహారంలో అది తప్పు కాదు. పరిశోధన వ్యాసంలో మాత్రం అది దోషమే. ఎందుకంటే పాఠకుడు ఆ మాటను నమ్మి లేని హక్కును ఉన్నట్టు భావిస్తాడు, ఉన్న హక్కును గుర్తించడు.

4. ‘ఛార్జి’ – ఒక మాట, పలు అర్థాలు:

తెలుగులో ‘ఛార్జి’ అనే మాట ఎన్ని వేషాలు వేసిందో గమనించదగింది. కరెంటు ఛార్జీలు, బస్సు ఛార్జీలు అన్నప్పుడు అది రుసుము. ఛార్జింగ్ అన్నప్పుడు బ్యాటరీ నింపడం. భౌతికశాస్త్ర పాఠంలో అదే ఆంగ్లపదం ‘ఆవేశం’ అవుతుంది. ఛార్జిషీటు, లాఠీఛార్జి, ఇన్‌ఛార్జి వంటివి సరేసరి. సందర్భం అర్థాన్ని నిర్ణయిస్తుందని సాధారణంగా చెప్పుకుంటాం. ఈ విషయంలో సందర్భం కూడా సాయపడదు. ఎందుకంటే రుసుము, నింపడం రెండూ ఒకే వాక్యంలోకి వస్తాయి. ‘ఛార్జింగ్ ఛార్జీలు’ అన్న ప్రయోగం వినడానికి వింతగా ఉన్నా తప్పించుకోలేనిదయింది.

అసలు చిక్కు ధ్వనిసామ్యంలో లేదు. ‘ఛార్జీలు’ అన్న బహువచనం భిన్నమైన రెండు మొత్తాలను ఒకటిగా చూపడంలో ఉంది. ఛార్జింగ్ కేంద్రం డిస్కంకు కట్టేది టారిఫ్. దానిని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. దానికి ముందు అరవై నాలుగవ సెక్షన్ ప్రకారం ప్రజల సూచనలు, అభ్యంతరాలు తీసుకుంటుంది. వాహనదారు కేంద్రానికి కట్టేదానిలో ఈ టారిఫ్‌తో పాటు సేవారుసుము కూడా కలుస్తుంది. 2022 జనవరిలో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలు ఆ సేవారుసుముకు గరిష్ఠ పరిమితి నిర్ణయించే పనిని రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించాయి. అంటే ఒకే చెల్లింపులో ఒక భాగం బహిరంగ విచారణ దాటి వస్తుంది, మరొక భాగం ప్రభుత్వ ఉత్తర్వుకు లోబడి ఉంటుంది. ‘ఛార్జీలు పెరిగాయి’ అన్న వాక్యం ఏ భాగం పెరిగిందో చెప్పదు.

దీనితో పోల్చదగిన మరొక విషయం ఉంది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం, స్వల్పకాలిక ఒప్పందాల్లో లైసెన్సు ఉన్న వర్తకుడు యూనిట్‌కు 7 పైసలకు మించి లాభం తీసుకోకూడదు. వర్తకమని పేరున్న చోట పైసల్లో లెక్క కట్టిన హద్దు ఉంది. సేవ అని పేరున్న చోట హద్దు గీయడం ఒక్కో రాష్ట్ర నిర్ణయానికి వదిలిన విషయం. కనుక మాటను బట్టి నియంత్రణ స్వరూపం మారుతుందనడం అతిశయోక్తి కాదు.

ఈ అయోమయాన్ని తగ్గించడానికి మూడు మాటలను వేరుగా నిలపవచ్చు. డిస్కంకు చెల్లించేది ‘టారిఫ్’. కేంద్రం అదనంగా తీసుకునేది ‘సేవారుసుము’. బ్యాటరీ నింపడం ‘ఛార్జింగ్’. ఈ మూడింటిలో రెండు ఆంగ్లపదాలే అయినా అభ్యంతరం లేదు. అర్థం స్థిరంగా ఉండడమే ముఖ్యం.

5. కిలోవాట్, యూనిట్ – పాఠ్యపుస్తకానికి, పత్రికకు మధ్య:

మన పాఠ్యపుస్తకాల్లో పని, శక్తి, సామర్థ్యం అనే వరుస అందరికీ తెలిసినదే. అక్కడ సామర్థ్యమంటే పని జరిగే రేటు. పత్రికల్లో ‘విద్యుత్ కేంద్రం సామర్థ్యం’ అన్నప్పుడు అది గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదన్న అర్థంలో వాడతారు. ఈ రెండూ మెగావాట్లలోనే చెప్పేవి కనుక పెద్దగా ఇబ్బంది లేదు. ఇబ్బంది ‘ఇన్ని మెగావాట్ల విద్యుత్తు కొన్నారు’ అన్న వాక్యంతో మొదలవుతుంది. ఎంతసేపు అన్నది చెప్పకపోతే ఆ వాక్యానికి పరిమాణం లేదు. వంద మెగావాట్లను పదిహేను నిమిషాలు కొంటే 25 వేల యూనిట్లు. రోజంతా కొంటే 24 లక్షల యూనిట్లు. ఎక్స్చేంజీలో కొనుగోలు పదిహేను నిమిషాల లెక్కన జరుగుతుందని పైన చూశాం. కనుక ఈ భేదం లేకుండా వర్తకాన్ని వివరించడం అసాధ్యం.

ఛార్జింగ్‌కు ఇదే భేదం మరింత అవసరం. 3.3 కిలోవాట్ల ఛార్జర్ గంటకు సుమారు మూడు యూనిట్లు ఇస్తుంది. 60 కిలోవాట్ల ఛార్జర్ పూర్తి వేగంతో పనిచేస్తే అరగంటలో 30 యూనిట్లు ఇస్తుంది. నీళ్ల ఉపమానం ఇక్కడ చక్కగా సరిపోతుంది. కిలోవాట్ పైపు లావు వంటిది, యూనిట్ బిందెలో పడిన నీరు వంటిది. విద్యుత్ బిల్లుల్లో సాధారణంగా ఈ రెండింటికీ వేర్వేరు లెక్కలు ఉంటాయి. మంజూరైన లోడుకు లేదా డిమాండుకు నెలనెలా కట్టేది ఒకటి, వాడిన యూనిట్లకు కట్టేది మరొకటి. రోజుకు నాలుగు వాహనాలు కూడా రాని కేంద్రానికి మొదటిదే పెద్ద భారం. అందుకే కేంద్ర మార్గదర్శకాలు ఛార్జింగ్ కేంద్రాలకు యూనిట్ల లెక్క మాత్రమే ఉండే టారిఫ్‌ను సూచించాయి. దీనిని ఆంగ్లంలో ‘సింగిల్ పార్ట్ టారిఫ్’ అంటారు. తెలుగులో ‘ఏకభాగ టారిఫ్’ అంటే అర్థం కాకపోవచ్చు. ‘యూనిట్లకు మాత్రమే టారిఫ్’ అంటే పని జరుగుతుంది.

2024 సెప్టెంబరులో విడుదలైన మార్గదర్శకాలు మరొక మెట్టు ఎక్కాయి. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు సౌరవిద్యుత్తు ఎక్కువగా లభించే వేళల్లో, సగటు సరఫరా వ్యయానికి 0.7 రెట్ల వంతున, మిగిలిన వేళల్లో 1.3 రెట్ల వంతున డిస్కంలు కేంద్రాల నుంచి తీసుకోవాలని అవి సూచించాయి. ఉదాహరణకు సగటు సరఫరా వ్యయం 7 రూపాయలు అనుకుందాం. పగలు యూనిట్‌కు 4 రూపాయల 90 పైసలు, రాత్రి 9 రూపాయల 10 పైసలు అవుతుంది. ఈ తేడా ఆటో నడిపేవారి సంపాదనలో కొట్టొచ్చినట్టు కనిపించేదే. అయితే ఇది కేంద్రం డిస్కంకు కట్టే రేటు. పగటి తగ్గింపు వాహనదారు వరకు దిగివస్తుందా అన్నది సేవారుసుమును బట్టి ఉంటుంది. ‘పగలు ఛార్జింగ్ చవక’ అని మాత్రమే రాసే రచన సగం నిజాన్ని చెప్పి ఆగిపోతుంది.

6. ‘ఇంధన సర్దుబాటు’ దాచిన మార్కెట్:

తెలుగులో ‘ఇంధనం’ వంటచెరకు, బొగ్గు, పెట్రోలు వంటి మండే పదార్థానికి పేరు. శక్తికి కూడా పరిపాలన భాషలో ఇదే మాట వాడుకలోకి వచ్చింది. ఇంధన శాఖ, ఇంధన పొదుపు, ఇంధన నిల్వ అన్నప్పుడు ఉద్దేశించినది శక్తిని. 2020లో తెలంగాణ ప్రకటించిన విద్యుత్ వాహనాల విధానంలో భాగమైన శక్తి నిల్వను ‘ఇంధన నిల్వ’ అంటే, పెట్రోలు ట్యాంకు గుర్తుకు రావడం సహజం. పెట్రోలు, డీజిలు నుంచి దూరం జరగడమే ఆ విధానాల ఉద్దేశం. కాబట్టి ఈ చోట ‘శక్తి నిల్వ’ అనడమే సమంజసం.

ఇంతకంటే ముఖ్యమైనది కరెంటు బిల్లులో కనిపించే సర్దుబాటు మొత్తం. దాని పూర్తి పేరు ‘ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు’. అంచనా వేసిన దానికి, నిజంగా అయిన ఖర్చుకు మధ్య వచ్చిన తేడాను వినియోగదారుల నుంచి రాబట్టే పద్ధతి అది. కేంద్రం 2022 డిసెంబరులో సవరించిన నిబంధనలు దీనిని నెలనెలా వసూలు చేసే మార్గం చూపాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల వరకు ఇలా నెలవారీగా తీసుకునే ఏర్పాటు వచ్చింది.

వ్యవహారంలో, వార్తల్లో ఈ పేరు ‘ఇంధన సర్దుబాటు’గా కుదించుకుపోయింది. కుదింపులో తప్పిపోయినది ‘విద్యుత్ కొనుగోలు’ అన్న భాగం. డిస్కం సాయంత్రం వేళ ఎక్స్చేంజీలో ఎక్కువ ధరకు కొన్న విద్యుత్తు ఖర్చు ఆ భాగంలోనే ఉంటుంది. ‘ఇంధనం’ అన్న మాట చదివిన గృహిణి బొగ్గు ధర పెరిగిందని అనుకుంటుంది. బొగ్గు ధర ఆమె చేతిలో లేదు, డిస్కం చేతిలోనూ లేదు. కాని ఎక్స్చేంజీలో ఎప్పుడు, ఎంత, ఎందుకు కొన్నారన్నది అడగదగిన ప్రశ్న. ముందుగా దీర్ఘకాలిక ఒప్పందం ఎందుకు చేసుకోలేదన్నది అడగదగిన ప్రశ్న. మాటను కుదించడం వల్ల ఆ ప్రశ్నలు పుట్టకుండానే పోతున్నాయి. విద్యుత్ వర్తకం సామాన్యుని ఇంటికి వచ్చే దారి ఈ ఒక్క పంక్తిలో ఉంది. ఆ పంక్తి పేరే ఆ దారిని మూసివేస్తోంది.

తెలుగునేలపై విద్యుత్ ధరల చరిత్ర తెలిసినవారికి దీని తీవ్రత వేరుగా చెప్పనక్కరలేదు. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం, 1999లో నియంత్రణ మండలి ఏర్పాటు, 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపునకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనపై బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు – ఈ వరుసలో టారిఫ్, స్లాబు, సర్దుబాటు వంటి మాటలు రాజకీయ భాషలో భాగమయ్యాయి. ఆ మాటల అర్థం తెలియాలన్న ఆరాటం ప్రజలకు ఆనాడే కలిగింది. ఆ ఆరాటానికి సరిపడిన వివరణ సాహిత్యాన్ని మనం అందించలేదనే చెప్పాలి.

7. ఎక్కడం, దిగడం – వ్యవహార భాష చూపే దారి:

పైన చూసిన అయోమయానికి భిన్నంగా, జనవ్యవహారంలో ఛార్జింగ్ చుట్టూ అల్లుకున్న క్రియలు ఎంతో స్పష్టంగా ఉన్నాయి. ఛార్జింగ్ పెడతాం, ఎక్కుతుంది, ఎక్కడం లేదు, దిగిపోయింది, నిలబడడం లేదు. జ్వరం, మత్తు, విషం ఎక్కిదిగినట్టే ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది, దిగుతుంది. ఈ క్రియల్లో శాస్త్రీయమైన భేదాలు దాగి ఉన్నాయి. ‘ఎక్కడం లేదు’ అంటే లోపం ఛార్జర్ వైపున గాని, బ్యాటరీ శక్తిని స్వీకరించడంలో గాని ఉందని అర్థం. ‘నిలబడడం లేదు’ అంటే బ్యాటరీ శక్తిని పట్టి ఉంచుకునే గుణం తగ్గిందని అర్థం. పాఠ్యపుస్తక పరిభాష ఈ రెండింటినీ ఒక్క నామవాచకంతో చెప్పలేదు. ‘ఒక్క ఛార్జింగ్‌కు ఎంత వస్తుంది?’ అన్న ప్రశ్నలో ఛార్జింగ్ ఒక కొలమానమయింది. కరెంటు విషయంలోనూ అంతే. ‘కరెంటు పోయింది’ అంటే కారణం తెలియదు, ‘కరెంటు తీశారు’ అంటే కర్త ఉన్నాడు. బాధ్యత ఎవరిదో క్రియే చెబుతోంది.

తెలుగులో దీనికి మార్గదర్శకమైన పని ఇదివరకే జరిగింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటిని భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో 1962లో వెలువరించారు. చేనేత పదాల సంపుటి 1971లో వచ్చింది. పని చేసేవారి నోటి నుంచి మాటలను సేకరించడం ఆ కృషిలోని విశేషం. పారిభాషిక పదాన్ని గదిలో కూర్చుని కల్పించడం ఒక పద్ధతి, పొలంలో, మగ్గం దగ్గర విని నమోదు చేయడం మరొక పద్ధతి. లైన్‌మన్, ఛార్జింగ్ కేంద్రం నిర్వాహకుడు, ఆటో డ్రైవరు, బ్యాటరీ మెకానిక్ వాడే మాటలకు అటువంటి సేకరణ అవసరం.

అయితే వ్యవహార భాషను ఆదర్శీకరించడం కూడా తగదు. జనం మాటల్లో ఎక్కడం, దిగడం ఉన్నాయి గాని, టారిఫ్‌కు, సేవారుసుముకు భేదం లేదు. ఆ భేదం వారి అనుభవంలో ఒకే బిల్లుగా కలిసిపోయింది కనుక మాటలోనూ కలిసిపోయింది. కాబట్టి సాంకేతిక భాగానికి వ్యవహారం నుంచి, చట్టపరమైన భాగానికి నిర్వచనం నుంచి మాటలు తీసుకోవడం సమంజసం.

8. ఒక అభ్యంతరం:

మాటలు సరిచేసినంత మాత్రాన బిల్లు తగ్గుతుందా అని ఎవరైనా అడగవచ్చు. తగ్గదు. ధరను గిరాకీ, సరఫరా, విధాన నిర్ణయాలు నిర్ణయిస్తాయి. కాని టారిఫ్ నిర్ణయానికి ముందు అభ్యంతరం చెప్పే అవకాశాన్ని చట్టం ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. ఆ అవకాశాన్ని వాడుకోవడానికి మొదట కావలసింది వస్తువు పేరు. ‘మా ఊరి కేంద్రంలో ఛార్జీలు ఎక్కువ’ అన్న అభ్యంతరాన్ని మండలి తన పరిధిలోకి రాదని పక్కన పెట్టవచ్చు. ‘ఛార్జింగ్ కేంద్రాల వర్గానికి ప్రతిపాదించిన రాత్రివేళ టారిఫ్ ఎక్కువ’ అన్న అభ్యంతరానికి జవాబు ఇవ్వక తప్పదు. ఇద్దరూ చెప్పిన బాధ ఒకటే. ఒకరికి మాట తెలుసు, మరొకరికి తెలియదు.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలను క్రోడీకరిస్తే –

• ‘తిరిగి అమ్మడం కోసం కొనడం’ అన్న నిర్వచనానికి ‘వ్యాపారం’ కంటే ‘వర్తకం’ తగిన మాట.

• ఛార్జింగ్‌ను అమ్మకంగా రాయడం చట్టం దృష్టిలో సరికాదు. సేవగా పరిగణించడం వల్ల ఫిర్యాదు వేదిక, పన్ను, ధర నియంత్రణ మూడూ మారుతున్నాయి. ఈ పర్యవసానాన్ని చెప్పకుండా ‘సేవ’ అన్న మాటను వాడడమూ అసంపూర్ణమే.

• టారిఫ్, సేవారుసుము, ఛార్జింగ్ అనే మాటలను ఒకదాని స్థానంలో మరొకటి వాడకూడదు. మెగావాట్లు చెప్పిన ప్రతిచోటా కాలవ్యవధి చెప్పాలి.

• ‘ఇంధన సర్దుబాటు’కు బదులు ‘ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు’ అన్న పూర్తి పేరు వాడాలి. పొడవు ఎక్కువైనా అందులో ప్రశ్నకు చోటుంది.

• విద్యుత్ రంగంలో పనిచేసేవారి పదాలను క్షేత్రపర్యటన ద్వారా సేకరించే పనిని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పీహెచ్.డి. అంశాలుగా చేపట్టవచ్చు.

పారిభాషిక పదాన్ని అంచనా వేసేటప్పుడు అది సంస్కృతసమమా, దేశ్యమా, అన్యదేశ్యమా అని చూడడం మనకు అలవాటు. దానితో పాటు మరొక ప్రశ్న కూడా వేసుకోవాలన్నది ఈ వ్యాసకర్త ప్రతిపాదన. డబ్బు కట్టే మనిషి ఆ మాటతో ఒక అభ్యంతరాన్ని రాసి ఇవ్వగలడా? రాయగలిగితే అది మంచి మాట. ఉపోద్ఘాతంలోని ఆటో డ్రైవరు తన రశీదును చూసి, ఇందులో టారిఫ్ ఎంత, సేవారుసుము ఎంత, పన్ను ఎంత అని తెలుగులో అడగగలిగిన రోజున ఈ రంగంలో తెలుగు పరిశోధన తన పని కొంతైనా చేసినట్టు.